రాణిగారి గానుగరాయి

మా వీధి దిగుడుబావికి రాణిని తెచ్చిపెట్టింది మా ఆయనే. ఇప్పుడు రేవులో దిగిన ప్రతివాడూ ఆ కథ తనకు తాతలనాటి నుంచీ తెలుసన్నట్టు మాట్లాడతాడు గానీ, దాని పుట్టుక నాకు తెలుసు. ఎండలు ముదిరి, యాత్రికుల ఓడలు ఒకదాని వెనక ఒకటి వచ్చే రోజులవి. ఒక మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతున్న గుంపొకటి మా బావి గట్టు మీద నిలబడి, ఈ గుంతలో చూడ్డానికి ఏముందని విసుక్కుంది. ఆ విసుగులోంచి ఊడిపడింది రాణి.

మాది దీవి. ఎటు చూసినా నీళ్లే, గొంతు తడుపుకుందామంటే చుక్క దొరకదు. ఉన్న ఒక్క మంచినీళ్ల బావీ మా వీధి చివర ఉంది. పూర్వం చెరుకు తోటల్లో పనికి ఓడల్లో తెచ్చి పడేసిన కూలీలు, దొర పోయించే నీళ్లు చాలక, పనిలేని పూటల్లో తమకోసం తవ్వుకున్న బావి అది. మా వీధిలో ఉన్నవాళ్లమంతా వాళ్ల సంతానమే. అదీ చరిత్ర. ఇందులో రాజు లేడు, రాణి లేదు, కత్తియుద్ధం అంతకన్నా లేదు. అందుకే కాబోలు, దొరలు కట్టుకున్న కోట గురించీ దీపస్తంభం గురించీ రంగుల పుస్తకాలు అచ్చేయించిన టూరిజం కంపెనీ మా బావికి ఒక్క వాక్యం కూడా ఖర్చుపెట్టలేదు.

ఆ కంపెనీలోనే మా ఆయన గైడు. వీధిలో అందరూ ఆయన్ని రేడియో అంటారు. ఒకసారి మొదలెడితే ఆగడు. కంపెనీ ఇచ్చిన నీలం టోపీ పెట్టుకుని కోటలో ఫిరంగి పక్కన నిలబడితే, దాన్ని తనే పేల్చినట్టు చెబుతాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని నేను దెప్పితే, మోసేది నా నోరే కదా, నీకేం బరువు అంటాడు.

ఆ సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. నేను కుట్టుమిషను ముందు కూర్చుని హోటలువాళ్ల దిండు గలీబులు కుడుతున్నాను. అత్తయ్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది. టోపీ మేకుకు తగిలిస్తూ ఆయన మధ్యాహ్నం జరిగింది చెప్పాడు. సముద్రం మీదికి వెళ్లిన రాజు కోసం ఒక రాణి రోజూ మన బావి మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేదట. ఒకనాడు వేలి ఉంగరం జారి నీళ్లలో పడిందట. అది దొరికిన రోజే రాజు తిరిగొస్తాడని నమ్మి, ఆ మెట్ల మీదే ముసలిదైపోయిందట. ఇప్పటికీ బావిలో నాణెం వేసి కోరుకుంటే విడిపోయినవాళ్లు కలుస్తారట. ఈ మాట వినగానే గుంపులో ఒకామె కళ్లు తుడుచుకుని చేతిసంచి తెరిచిందని, మా ఆయన పొంగిపోతూ చెప్పాడు.

అత్తయ్య చేట కింద పెట్టింది. "ఒరేయ్, అది నా ఉంగరం కదరా."

"నీదేనమ్మా. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది."

అత్తయ్య ఉంగరం సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మామయ్య పడవల వడ్రంగి. తన చేత్తో కట్టిన మొదటి పడవకు కొట్టగా మిగిలిన రాగిమేకును సుత్తితో సాగగొట్టి, వంచి, ఉంగరం చేసి ఆమె వేలికి తొడిగాడు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆమె బావిలో పూడిక తీస్తుంటే బురదలో అది జారిపోయింది. ఎంత దేవినా దొరకలేదు. ఏడుస్తూ ఇంటికొస్తే మామయ్య, "బావికి దాహమేసిందేమోలే, తాగేసింది" అన్నాడట. మామయ్య పోయి చాలా కాలమైంది. ఏదైనా ఆలోచనలో పడితే అత్తయ్య బొటనవేలు ఇప్పటికీ వెళ్లి ఆ ఖాళీ వేలిని తిప్పుతూ ఉంటుంది.

నాకు ముక్కు మీదే కోపం. తాగే నీళ్లతో ఆటలేమిటని అడిగాను. ఎవరి సొమ్మేం పోయింది, వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్లారు అన్నాడు ఆయన. అత్తయ్య చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ, "రాణిని చేస్తే చేశావు గానీ, ఆ రాజుని మాత్రం మీ నాన్నకన్నా మంచోణ్ణి చెయ్యకు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ సీజనులో మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరు.

కథకు కాళ్లొచ్చాయి. మిగతా గైడులు కూడా అందుకున్నారు. ఒకడు రాణికి చెలికత్తెను చేర్చాడు, ఇంకొకడు చిలుకను చేర్చాడు. కోట చూడ్డానికి వచ్చినవాళ్లు కోట మానేసి మా వీధిలోకి రావడం మొదలైంది. తెల్లారి బిందెలు పట్టుకుని వెళ్తే నీటి అడుగున నాణేలు మెరుస్తూ కనబడేవి. పోనీలే అనుకున్నాం. తర్వాత పూలు, రిబ్బన్లు, పేర్లు రాసిన కాగితప్పడవలు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఒక జంట మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లాడిస్తూ ఫోటోలు దిగుతోంది. ఇవి మేం తాగే నీళ్లు అన్నాను. వాళ్లు నవ్వి, నన్ను కూడా ఫోటోలో నిలబడమన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఆ వారమే కంపెనీ కళ్లు మా బావి మీద పడ్డాయి. చుట్టూ ఇత్తడి గుంజలు పాతి, ఎర్ర తాడు కట్టారు. గేటు, గేటు దగ్గర కాపలావాడు, టిక్కెట్టు గది వచ్చాయి. రాణిగారి బావి అని బోర్డు. దాని కింద చిన్న అక్షరాల్లో, నీళ్లు తోడరాదు. మా వీధికి ట్యాంకరుతో నీళ్లు పంపిస్తామన్నారు. పంపించారు కూడా, వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు. ఆ నీళ్లలో తుప్పు వాసన, రబ్బరు పైపు వాసన. వంద గడపలు తాగిన బావిని పక్కనే పెట్టుకుని, ట్యాంకరు హారను కోసం చెవులు రిక్కించి పని చేసుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మిషను తొక్కుతున్నా, పొయ్యి దగ్గరున్నా నా ధ్యాసంతా వీధిలోనే.

నేనే కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లాను. చల్లటి గది, అద్దాల బల్ల, బల్ల మీద గాజు గిన్నె నిండా గవ్వలు. వయసులో నాకన్నా చిన్నవాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, సీసా మూత తీసి చల్లటి మంచినీళ్లు గ్లాసులో పోశాడు. మర్యాదకేం లోటు లేదు. మా బావి మాకు వదిలేయండి అన్నాను. చారిత్రక కట్టడం కదా, అందరిదీ కదా అన్నాడు. ఆ రాణి అబద్ధం అన్నాను. అతను నొచ్చుకున్నట్టు చూసి, "మీ ఆయన చెప్పిన కథే కదమ్మా" అన్నాడు.

 మా నోట్లో మన్ను కొట్టింది మా ఇంటి నోరే అయితే, ఇంకెవరి మీద విరుచుకుపడను? గ్లాసు ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఆ రాత్రి కంచం ముందు మా ఆయన్ని కడిగేశాను. రేపే వెళ్లి ఆ రాణి లేదని చెప్పండి, గేటు దానంతటదే లేస్తుంది అన్నాను. ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. కంపెనీ కొత్త టూరు మొత్తం ఆ రాణి మీదే కట్టారని, ఇప్పుడు లేదంటే తన టోపీ పీకి ఇంటికి పంపిస్తారని, ఒక్క సీజను ఓపిక పడితే మోజు తీరిపోయి వాళ్లే వదిలేస్తారని నసిగాడు. అత్తయ్య ట్యాంకరు నీళ్ల గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

ఎండలు ఇంకా ముదిరాక మోటార్లు పెట్టి బావి నీళ్లన్నీ తోడేశారు. అడుగున నీలం పలకలు పరిస్తే నీళ్లు సముద్రంలా మెరుస్తాయని వాళ్ల ఆలోచన. మామూలుగా ఏటా ఆ రోజుల్లో పూడిక తీసేది మేమే. మెట్టుకొకరు నిలబడి, బురద తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి అందించేవాళ్లం. అడుగున ఒక మూల గుండ్రంగా, నడుమెత్తున ఒక రాయి ఉంటుంది. దాని చుట్టూ బురద తీసేవాళ్లం గానీ, కాళ్లెంత కూరుకుపోతున్నా ఎవ్వరూ దాని మీద ఎక్కి నిలబడేవాళ్లు కాదు. భక్తి కాదు, అసహ్యం. అది దొరగారి చెరుకు మిల్లులోని గానుగరాయి.

మామయ్య నాయనమ్మ చెయ్యి ఆ రాయి తినేసింది. చెరుకు గడలు లోపలికి తోస్తుంటే వేళ్లు చిక్కాయి. చిక్కినవాళ్లను పూర్తిగా లాగేయకుండా గానుగ పక్కనే గొడ్డలి తగిలించి ఉంచేవాళ్లట. మోచెయ్యి దాకా నరికి ఆమెను బతికించారు, గానుగ కడిగి మళ్లీ తిప్పారు. అత్తయ్య కాపురానికి వచ్చేనాటికి ఆ ఒంటిచేతి అవ్వ ఇంకా ఉంది. మిల్లు మూసేశాక దొర ఆ రాయిని ఇంకో తోటవాళ్లకు అమ్మబోతే, అతను ఊళ్లో లేని రోజు చూసి వీధంతా కలిసి దాన్ని దొర్లించుకొచ్చి బావిలో పడేశారు. సముద్రంలో పడేద్దామని కొందరన్నారట. ఆటుకు మళ్లీ బయటపడుతుంది, మన నీళ్ల కింద మన కళ్లముందు పడుంటే ఇంకెప్పుడూ తిరగదు అని చెప్పింది ఆ అవ్వే.

పలకలు పరిచే పనిలోకి మా పక్కింటి మేస్త్రీని కూడా పెట్టుకున్నారు. ఒక సాయంత్రం అతను ఇంటికి పోకుండా నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతుల బురద కూడా కడుక్కోలేదు. బురద జల్లెడ పడుతుంటే ఒక ఉంగరం దొరికిందని, పచ్చగా చిలుము పట్టి ఉందని, చూసిన మరుక్షణం మేనేజరు లాక్కున్నాడని చెప్పాడు. "వదినా, అది మీదేనేమో" అన్నాడు అత్తయ్యతో. అత్తయ్య మేస్త్రీ మొహంలోకే చూస్తూ, తన ఖాళీ వేలిని తిప్పుకుంది.

మర్నాటికల్లా గేటు పక్కన గాజుపెట్టె వెలిసింది. లోపల ఎర్రటి గుడ్డ, గుడ్డ మీద ఉంగరం, దాని కింద రాణిగారి ఉంగరం అని రాసిన చీటీ. బంగారం కాదే అని ఎవరైనా అడిగితే, ఆ కాలం రాణులు నిరాడంబరంగా ఉండేవారని జవాబు. ఈ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన అల్లిన రాణి అబద్ధం, మా మామయ్య కొట్టిన రాగిమేకు నిజం; చివరికి నిజాన్ని తీసుకెళ్లి అబద్ధానికి సాక్ష్యంగా పెట్టారు.

అత్తయ్య చూస్తానంది. టిక్కెట్టు కొనుక్కుని, సొంత ఉంగరం చూసుకోవడానికి వరసలో నిలబడ్డాం. ఆమె వంతు వచ్చాక గాజుకు మొహం ఆనించి చాలాసేపు చూసింది. "ఇదిగో, ఇక్కడ సుత్తి జారింది. సరిచెయ్యనా అంటే నేనే వద్దన్నాను" అంది. కాపలావాడు గాజు ముట్టుకోవద్దన్నాడు. నేను నోరు తెరిచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది. "వీడిదేం తప్పు? చెప్పాల్సినవాడు ఇంట్లో ఉన్నాడు" అంది.

ఇంట్లో ఉన్నవాడికి అప్పటికే నిద్ర లేదు. అమ్మ ఉంగరం అని తెలిసి కూడా నోరు మెదపలేదని వీధిలో కొందరు పలకరించడం మానేశారు. అయినా ఆయన నోరు విప్పలేదు. నేను మాట్లాడటం మానేశాను. మా ఇంట్లో రేడియో మూగబోవడం, నేను మౌనం పట్టడం, ఈ రెండూ ఒకేసారి జరగడం మా పెళ్లయ్యాక అదే మొదలు.

అదే సమయంలో కంపెనీ నుంచి నాకొక కుట్టుపని వచ్చింది. ఎర్ర మఖమలు గుడ్డ, గుండ్రంగా కొలత, చుట్టూ బంగారు రంగు కుచ్చులు. హోటలు కుర్చీకేమో అనుకుని శ్రద్ధగా కుట్టాను. అలాంటి గుడ్డ చేతికి రావడం అరుదు. కుట్టు కనబడకుండా లోపలికి మడిచి, కుచ్చులు ఒక్కటీ వంకర పోకుండా పెట్టాను. అప్పజెప్పినప్పుడు మేనేజరు మెచ్చుకున్నాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు ట్యాంకరు దగ్గరినుంచి వస్తూ తాడు అవతలికి చూశాను. క్రేనుతో గానుగరాయిని పైకి తీశారు. కడిగి, తుడిచి, నూనె రాసి గట్టు మీద నిలబెట్టారు. దాని నెత్తిన నా మఖమలు మెత్త. ఒక్కొక్కరే వెళ్లి దాని మీద కూర్చుని ఫోటో దిగుతున్నారు. రాణి కూర్చుని ఎదురుచూసిన రాతిపీఠమట. అవ్వ చెయ్యి నలిగిన చోట, నా చేతి కుట్టు.

బిందె అక్కడే దించేశాను. ఇంటికెలా వచ్చానో తెలియదు.

నేను చెప్పిందంతా అత్తయ్య కదలకుండా విన్నది. ఉంగరం సంగతికి ఒక కన్నీటి చుక్కయినా రాల్చింది గానీ, దీనికి అదీ లేదు. సాయంత్రం మా ఆయన వచ్చి, మర్నాడు చెప్పాల్సిన ప్రసంగం అద్దం ముందు నిలబడి వల్లె వేయడం మొదలెట్టాడు. పెద్ద పెద్దవాళ్లు వస్తున్నారు, మైకు ఇస్తున్నారు, తడబడకూడదని మేనేజరు మరీ మరీ చెప్పాడట. రాజు వెళ్లడం, ఉంగరం జారడం గడగడా వచ్చాయి. "రాణి ఈ పీఠం మీద" దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

అత్తయ్య వెనకనుంచి అంది. "నీళ్లు పోయాయి, ఓర్చుకున్నాను. ఉంగరం గాజుపెట్టెలో పెట్టారు, ఓర్చుకున్నాను. అవ్వ సంగతి నువ్వు చెప్పలేకపోతే చెప్పొద్దు. ఆ రాయి రాణిదని మాత్రం నీ నోటితో అనకు నాయనా."

ఆయన అద్దంలోంచే తల్లిని చూశాడు. టోపీ తీసి, దాని అంచు సవరించి, మళ్లీ మేకుకు తగిలించాడు. 

మర్నాడు గట్టు మీద తెల్లకుర్చీలు, గొడుగులు, ఓడలోంచి దిగిన అతిథులు. ముందు వరసలో అధికారులు. మా వీధివాళ్లం తాడు అవతల ఎండలో నిలబడ్డాం. నీలం పలకల మీద కొత్తగా ఊరిన నీళ్లు నిజంగానే మెరుస్తున్నాయి. నాలుక పిడచకట్టుకుపోతున్నా ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాం.

మా ఆయన మైకు అందుకున్నాడు. కోట గురించి చెప్పాడు, దీపస్తంభం గురించి చెప్పాడు, నవ్వించాడు. రాణి దగ్గరికొచ్చాడు. ఉంగరం జారిపడేచోట గొంతు కొంచెం తగ్గించాడు, ఎప్పుడూ అలాగే చేస్తాడు. జనం ఊపిరి బిగబట్టారు. చెయ్యి చాపి రాయిని చూపించాడు. "రాణి ఈ పీఠం మీద" అని ఆగాడు. చెయ్యి గాల్లోనే ఉంది. మైకు గుయ్యిమంటోంది. మేనేజరు నవ్వుతూనే, కానివ్వమన్నట్టు తలూపాడు.

"ఇది పీఠం కాదండీ. గానుగరాయి" అన్నాడు మా ఆయన. ఆ తర్వాత మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాడు. బావి ఎవరు తవ్వారో, ఆ రాయి ఎవరి చెయ్యి తిన్నదో, దాన్ని నీళ్లలో ఎందుకు ముంచారో చెప్పాడు. రాణిని ఎండ దెబ్బకు తనే పుట్టించానన్నాడు. "ఆ ఉంగరం మా అమ్మది. మా నాన్న పడవమేకుతో చేశాడు. అదిగో, తాడు అవతల నిలబడి ఉంది మా అమ్మ" అన్నాడు.

తలలన్నీ మావైపు తిరిగాయి. అత్తయ్య పమిట సర్దుకుంది.  తర్వాత ముందు వరసలో ఒకామె కళ్లు ఒత్తుకుంటూ చప్పట్లు కొట్టింది, దాంతో అందరూ కొట్టారు. మేస్త్రీ గుంజకు కట్టిన తాడు విప్పబోయాడు. మేం గెలిచామని నేను నమ్మాను. అంత తెలివితక్కువగా ఎలా నమ్మానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

మర్నాడు మేనేజరు మా ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చోబెట్టి ట్యాంకరు నీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. తిడతాడనుకుంటే ఉత్సాహంగా ఉన్నాడు. అతిథుల గుండెలు కరిగిపోయాయట. రాణికన్నా పడవమేకు ఉంగరమే బాగుందట. బోర్డు మార్చేస్తారట, రేవులో అత్తయ్య ఫోటో నిలువెత్తున పెడతారట. రోజూ సాయంత్రం ఆమె వచ్చి బావి దగ్గర కూర్చుంటే చాలునట, జీతం కూడా ఇస్తారట.

"మరి రాయి సంగతి?" అన్నాను.

అతను గ్లాసు వంక చూస్తూ, "చెయ్యి నరకడం, గొడ్డలి, అవన్నీ ఎందుకమ్మా? సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు. రాయి వరకు రాణిదే అనుకోనిద్దాం" అన్నాడు.

"రాణి లేదని అందరిముందూ తేలిపోయిందిగా."

"రాయి వరకు రాణిని ఉండనివ్వండి."

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. మా కన్నీళ్లలో తియ్యగా ఉన్నవి ఏరుకుని, చేదుగా ఉన్నవి మా మొహానే కొడుతున్నాడు. అదీ మర్యాదగా. పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. మా ఆయన్ని గైడు పనినుంచి దీపస్తంభం గేటుకు మార్చారట. అక్కడ టిక్కెట్లు చించడమే పని, మాట్లాడే అవసరం ఉండదు. మా ఆయన టోపీ వంక చూశాడు.

పొమ్మని అతనికి చెప్పడానికి నేను లేచేలోపే, అత్తయ్య ఒప్పుకుంది. కాకపోతే ఊరికే కూర్చోవడం తనకు చేతకాదంది. "బావి దగ్గర కూర్చుంటే నీళ్లు తోడాలనిపిస్తుంది బాబూ. నేనూ తోడతాను, మా వీధివాళ్లూ వచ్చి తోడతారు" అంది. మేనేజరు మొహం వెలిగిపోయింది. పాతకాలంలో ఎలా తోడేవారో కళ్లకు కట్టినట్టుంటుంది, అతిథులకు ఎంతో నచ్చుతుంది అన్నాడు. మా నీళ్లు మేం తాగాలంటే మేం వేషం కట్టాలి. అదీ లెక్క.

అతను వెళ్లాక అత్తయ్య మీద కూడా విరుచుకుపడ్డాను. సంతలో బొమ్మలా కూర్చుంటారా అన్నాను. "ముందు బిందెలు నిండనీ. కడుపులో నీళ్లుంటే కోపం ఎక్కువసేపు నిలుస్తుంది" అంది.

మొదటి సాయంత్రం వీధంతా బిందెలతో కదిలింది. గట్టు మీద ఆమెకోసం నగిషీల కుర్చీ వేసి, పైన గొడుగు పెట్టి ఉంచారు. అత్తయ్య కుర్చీ దాటుకుని నడిచింది. గానుగరాయి దగ్గర ఆగి, మెత్త తీసి నా చేతికిచ్చి, దాని మీద కూర్చుంది. మా వీధిలో పుట్టిన మనిషి గానీ మెట్టిన మనిషి గానీ బావిలో పడేశాక ఆ రాయిని ఒంటితో తాకడం అదే మొదటిసారి. బిందెలు మోస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"అత్తయ్యా, దాని మీదా?" అన్నాను.

"నేను లేస్తే ఇంకెవరో కూర్చుంటారు" అంది.

మేనేజరు వచ్చి కుర్చీ చూపించాడు, బతిమాలాడు. నాకిక్కడే బాగుందంది. రేవులో నిలువెత్తు ఫోటో పెట్టిన మనిషిని రెక్క పట్టుకుని లేపడం ఎలాగో అతనికి తెలియలేదు. వచ్చినవాళ్లు ఉంగరం గురించి అడిగితే ఆమె ఖాళీ వేలు చూపించి ఒక్క ముక్కలో తేల్చేసేది. రాయి గురించి మాత్రం ఎవరూ అడక్కపోయినా చెప్పేది. కొందరు మొహం తిప్పుకుని వెళ్లిపోయారు. కొందరు చివరిదాకా విన్నారు. ఉంగరం మాత్రం ఇప్పటికీ గాజుపెట్టెలోనే ఉంది. దొంగల భయం లేదు, ఉండనీ అంటుంది ఆమె. నాకు అలా అనడం చేతకాదు.

మఖమలు మెత్తను ఇంటికి తెచ్చి కుట్లు విప్పాను. కుచ్చులు కత్తిరించి, గుడ్డను మెలితిప్పి చుట్టకుదురు చేసుకున్నాను. నెత్తిన బిందెకు దానంత మెత్తటిది ఇంకోటి లేదు.

సీజను చివరిలో, మబ్బులు కమ్ముతుండగా, అత్తయ్యకు జ్వరమొచ్చింది. ఆ సాయంత్రం ఆమె బదులు నేను వెళ్లాను.  పగలంతా ఎండకు కాగి రాయి చుర్రుమంది. అయినా కూర్చున్నాను. కాసేపటికి ఒక జంట వచ్చింది. రేవులో ఫోటోలో ఉన్నది నేను కాదని చూసి కాస్త నిరాశపడ్డారు. ఆ అమ్మాయి మెడలో కెమెరా సరిచేసుకుంటూ, కొంచెం లేస్తారా, మేం కూర్చుని ఫోటో దిగుతాం అని అడిగింది.

"లేవను" అన్నాను.

ఎందుకని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

"కూర్చోమ్మా" అని పక్కనున్న మెట్టు చూపించాను. బిందెలోంచి ముంచి ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, వాళ్లు తాగేదాకా ఆగి, అవ్వ చేతి దగ్గరినుంచి మొదలుపెట్టాను.